ఎనిమిది లక్షల బాత్: దాచి చూపించాలా, అద్దెకు తెచ్చి చూపించాలా?

కృష్ణలంక పెన్షనర్

నాకు 61, మా ఆవిడకు 58. అమ్మాయి, అల్లుడు బ్యాంకాక్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. మేము అదే దేశంలోని చియాంగ్ మాయ్‌లో ఉందామనుకుంటున్నాం. పిల్లలకు దగ్గరగా ఉండాలి కానీ వాళ్ల హాల్లో సోఫా మీద కాదు.

50 దాటినవారికి థాయిలాండ్ ఇచ్చే రిటైర్మెంట్ వీసాకు డబ్బు చూపించే దారులు మూడు. అక్కడి బ్యాంకులో నా పేర 8,00,000 బాత్ (థాయ్ కరెన్సీ) ఉండాలి. లేదా నెలకు 65,000 బాత్ ఆదాయం ఉండాలి. లేదా ఏడాది ఆదాయం, డిపాజిట్ కలిపి 8,00,000 కావాలి. బాత్‌ను రూ. 2.70 చొప్పున వేసుకుంటే మొదటి దారికి 21.6 లక్షలు, రెండో దారికి నెలకు 1,75,500 రూపాయలు. నా పెన్షన్ 70 వేలు. రెండో దారి సంగతి అక్కడే తేలిపోయింది.

తెలిసినవారొకరు, ఏజెంటు కొన్నాళ్లపాటు నా ఖాతాలో తన డబ్బు వేసి, పని కాగానే తీసుకుంటాడని, అందరూ అదే చేస్తారని అన్నారు. నాకు మనసొప్పడం లేదు. అలాగని 21 లక్షలు పరాయి దేశంలో కదలకుండా పెట్టడానికీ చేతులు రావడం లేదు. మీరేమంటారు?

పటాయా పక్షి

మనసొప్పకపోవడానికి ఇందులో ఏముందండీ? ఆరేళ్లుగా నేను ఏజెంటు ద్వారానే వీసా గడువు పొడిగించుకుంటున్నాను. సర్కారు రుసుము 1,900 బాత్. ఏజెంటుకు దానికి చాలా రెట్లు ఇస్తాను, నిజమే. కానీ నా 21 లక్షలు ఇండియాలో ఏడు శాతం చొప్పున ఏడాదికి లక్షన్నర తెస్తున్నాయి. ఇక్కడి పొదుపు ఖాతాలో వచ్చే వడ్డీతో కాఫీ కూడా రాదు.

ఇంకో మాట. ఈ షరతు మన బాగు కోసమే అంటారు. ముసలివాడు జబ్బు పడితే ఆసుపత్రి ఖర్చుకు చేతిలో డబ్బుండాలని. మరి జబ్బు పడ్డప్పుడు ఆ డబ్బు ముట్టుకుంటే షరతు తప్పినట్టే కదా! పెళ్లికి అరువు తెచ్చిన హారం లాంటిది ఇది. ఫొటో దిగేవరకు మెడలో ఉంటే చాలు.

హువా హిన్ తాత

పక్షి గారూ, ఆ హారం ఫొటో తర్వాత కూడా మెడలోనే ఉండాలి. 2019 నుంచి ఉన్న నిబంధన ఇది: దరఖాస్తుకు రెండు నెలల ముందు నుంచి 8 లక్షలు ఖాతాలో ఉండాలి. పొడిగింపు వచ్చాక మరో మూడు నెలలు అలాగే ఉండాలి. ఆ తర్వాత మిగిలిన ఏడాదంతా 4 లక్షలకు తగ్గకూడదు. అంటే సగం డబ్బు వాడుకోవచ్చు. అసలు ముట్టుకోకూడదన్న మీ మాట సరికాదు.

ఏజెంటు వేసిన డబ్బు వారం తిరక్కుండా వెళ్లిపోతుంది. ఆ రాక, ఆ పోక రెండూ మీ పాస్‌బుక్కులో అచ్చయి ఉంటాయి. రేపు ఎవరైనా తిరగేస్తే జవాబు చెప్పవలసింది ఏజెంటు కాదు, పాస్‌పోర్టు మీది. అనుమతి రద్దు కావచ్చు, మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వకపోవచ్చు. ఆరేళ్లు దొరకలేదంటే తప్పు ఒప్పయిపోదు.

నాది అమెరికా పాస్‌పోర్టు. ఒకప్పుడు మా ఎంబసీలో ప్రమాణం చేసి ఆదాయం రాసిస్తే సరిపోయేది. ఆ అంకెలు నిజమో కాదో తాము తేల్చలేమని అమెరికా, బ్రిటన్ ఎంబసీలు 2019 జనవరి నుంచి ఆ కాగితాలు ఇవ్వడం మానేశాయి. అప్పటి నుంచి నెలనెలా విదేశం నుంచి 65,000 వచ్చినట్టు పన్నెండు నెలలూ చూపించాలి. ఒక నెల బాత్ బలపడి 64,600 మాత్రమే జమ అయింది. నాలుగు వందల బాత్ కోసం ఆ ఏడాది నా దరఖాస్తు వెనక్కి వచ్చింది. ఇప్పుడు 70,000 పైనే పంపించుకుంటున్నాను.

పెన్షనర్ గారూ, మీ లెక్కలో మూడో దారిని వదిలేశారు. 70 వేల రూపాయలంటే దాదాపు 26,000 బాత్. ఏడాదికి 3.12 లక్షలు. డిపాజిట్ 4.88 లక్షలుంటే చాలు. కాకపోతే మొదటి ఏడాది మీకు పన్నెండు నెలల జమల చరిత్ర ఉండదు. ఎంబసీ లేఖ చేతిలో లేకపోతే తొలిసారి పూర్తి డిపాజిట్ చూపించక తప్పదు.

విశాఖ ఆడిటరు

నీతి సంగతి మీరు తేల్చుకోండి, నేను పన్ను సంగతి చెబుతాను. ఒక ఆర్థిక సంవత్సరంలో ఇలా విదేశానికి పంపే మొత్తం 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన భాగంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. 21.6 లక్షలు ఒకేసారి పంపితే రూ. 2.32 లక్షలు. రిటర్నులో తిరిగి వస్తుంది కానీ అంతవరకు మీ చేతిలో ఉండదు. మార్చి నెలాఖరులోగా 10 లక్షలు, ఏప్రిల్‌లో మిగతాది పంపండి. అప్పుడు 1.6 లక్షలపైనే, అంటే 32 వేలే పట్టుకుంటారు.

అక్కడ స్థిరపడ్డాక మీరు ప్రవాసి అవుతారు. పెన్షన్ పడే ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే ప్రవాసులు ఇండియాలో ఉంచుకునే రూపాయల ఖాతాగా మార్చాలి. పెన్షన్‌ను పన్ను పోను అక్కడి నుంచి పంపించుకోవచ్చు. మార్చకుండా నెట్టుకొచ్చేవారు చాలామంది ఉన్నారు, వారి దగ్గర నేను ఫీజు ఎక్కువ తీసుకుంటాను.

తిరిగి వచ్చినావిడ

అందరూ డబ్బు లోపలికి ఎలా పంపాలో చెబుతున్నారు. బయటికి తీసుకోవడం గురించి నేను చెబుతాను.

మావారు ఏజెంట్ల జోలికి వెళ్లలేదు. ఎనిమిది లక్షలూ ఆయన పేరే, మా ఇమ్మిగ్రేషన్ కార్యాలయంలో ఉమ్మడి ఖాతా కుదరదన్నారు. నేను ఆయన మీద ఆధారపడిన భార్యగా ఉన్నాను, నాకు విడిగా డిపాజిట్ అడగలేదు. ఎంత సులువుగా ఉందో అనుకున్నాం. నాలుగో ఏడు ఆయన నిద్రలోనే పోయారు. బ్యాంకుకు చెప్పగానే ఖాతా స్తంభించింది. కోర్టు నియమించిన వ్యక్తి వస్తే తప్ప ఇవ్వమన్నారు. విల్లు లేదు. మా పెళ్లి ధ్రువపత్రాన్ని థాయ్‌లోకి అనువదించి, ముద్రలు వేయించి, వకీలును పెట్టుకుని తిరిగాను. దహనం ఖర్చుకు పక్కింటి డచ్ దంపతులు సర్దారు. పాస్‌బుక్కులో ఎనిమిది లక్షలు, నా సంచిలో పదకొండు వందల బాత్.

అంతటితో పోలేదు. ఆయన పోవడంతో ఆయన మీద ఆధారపడిన నా అనుమతీ పోయింది. ఉండాలంటే నా పేర మరో ఎనిమిది లక్షలు చూపించాలి. సామాన్లు ఇరుగుపొరుగుకు పంచి వచ్చేశాను. డబ్బు చివరికి చేతికి వచ్చింది, అప్పటికి నేను రాజమండ్రిలో ఉన్నాను.

పటాయా పక్షి

అమ్మా, మీకు జరిగినదానికి బాధగా ఉంది. కానీ చూడండి, ఇది నా వాదనకే బలం కదా. ఆ డబ్బు ఇండియాలో, నామినీగా మీ పేరుతో ఉండి ఉంటే?

తిరిగి వచ్చినావిడ

డబ్బు వెంటనే దొరికేది బాబూ. కానీ ఆయన పోయిన వారంలో పోలీసులు, ఇమ్మిగ్రేషన్, బ్యాంకు అన్నీ ఆ పాస్‌బుక్కునే తిరగేశాయి. అందులో మీ ఏజెంటు డబ్బు వచ్చి పోయిన ఆనవాళ్లు ఉంటే, ఏ భాషా రాని నేను ఏమని చెప్పుకునేదాన్ని?

హువా హిన్ తాత

నా దగ్గరా విల్లు లేదు. సోమవారం వకీలును కలుస్తున్నాను.

కృష్ణలంక పెన్షనర్

మీ మాటలు మా ఆవిడకు చదివి వినిపించాను. ఏజెంటు ఆలోచన మానేశాం. మార్చి, ఏప్రిల్ పద్ధతిలో నా పేర పంపుతాను, థాయ్ విల్లు కూడా రాయిస్తాను. ఆవిడ మాత్రం ఇంకోటి అడిగింది: "నా నగలమ్మి నా పేర కూడా ఎనిమిది లక్షలు విడిగా పెట్టుకుంటే, మీతో సంబంధం లేకుండా నా వీసా నాకుంటుందా?" ఉంటుందన్నాను. అప్పటి నుంచి బీరువా తాళం ఆవిడ దగ్గరే ఉంది. అమ్ముతుందో, అమ్మదో ఇంకా చెప్పలేదు.