సౌత్ జార్జియాలో పాత తిమింగలాల ఫ్యాక్టరీలు: ఉంచాలా, ఎత్తేయాలా?

కోనసీమ కుర్రోడు
మా బావ డల్లాస్ నుంచి అంటార్కిటికా క్రూజ్‌కి వెళ్ళొచ్చాడు, దార్లో సౌత్ జార్జియా దీవిలో ఆపారట. దక్షిణ అట్లాంటిక్‌లో ఫాక్లాండ్స్ దీవుల నుంచి ఇంకో 1400 కిలోమీటర్లు, ఎయిర్‌పోర్టు కూడా లేదు, ఓడే గతి. పెంగ్విన్ల ఫోటోలు వందల్లో చూపించాడు గానీ నా కళ్ళు మాత్రం గ్రిట్వికెన్ అనే చోట తుప్పు పట్టిన తిమింగలాల ఫ్యాక్టరీ మీదే ఉండిపోయాయి. 1904లో లార్సెన్ అనే నార్వే కెప్టెన్ పెట్టాడు, 1960ల మధ్య దాకా నడిచింది. లీత్, స్ట్రోమ్‌నెస్, హస్విక్ అని ఇలాంటివే ఇంకా ఉన్నాయి, వాటి దగ్గరికి 200 మీటర్ల లోపు ఎవర్నీ రానివ్వరు, రేకులు గాలికి లేచి వస్తాయని, పైగా ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్బెస్టాస్. నా డౌటు ఏంటంటే అక్కడ ఎలకల్ని చంపేశారు, రెయిన్‌డీర్ జింకల్ని కాల్చి చంపేశారు, మనిషి తెచ్చినవన్నీ తీసేసి దీవిని మళ్ళీ దీవిలా చేస్తాం అన్నారు, మరి ఆ ఇనుమంతా కూడా మనిషి తెచ్చిందే కదా, దాన్నెందుకు ఉంచారు?

హంసలదీవి
ఉంచకూడదు. అది కబేళా. లక్షా డెబ్భై అయిదు వేల తిమింగలాల్ని అక్కడ కోశారు, అందులో నలభై వేలకు పైగా నీలి తిమింగలాలు. కబేళాని హెరిటేజ్ అని పిలిచే తెలివి తెల్లోళ్ళకే ఉంటుంది.

ఇంజిన్‌రూమ్ శీను
ఉంచాలి. నేను ఓడల్లో ఇంజనీరుని, ఒకప్పుడు మా చీఫ్ స్కాట్లాండ్ ఆయన, వాళ్ళ నాన్న లీత్ హార్బర్‌లో బాయిలర్ల మీద పనిచేశాడు. ఆయన చెప్పిన పని ఇది. తిమింగలాన్ని తోకకి గొలుసు వేసి ఆవిరి వించితో (బరువులు లాగే యంత్రం) చెక్క ప్లాట్‌ఫారం మీదకి లాగుతారు, బూట్లకి మేకులు ఉంటాయి లేకపోతే కొవ్వు మీద జారి పడతారు, హాకీ కర్రలాంటి పొడుగు పిడి కత్తులతో పై నుంచి కింద దాకా గీస్తే వించి ఆ కొవ్వుని పట్టీలు పట్టీలుగా ఊడబీకుతుంది. కొవ్వు ఒక కుక్కర్‌కి, మాంసం ఒక కుక్కర్‌కి, ఎముకల్ని ఆవిరి రంపంతో కోసి ఇంకోదానికి. పన్నెండు గంటల షిఫ్టు. ఆ నూనెతోనే యూరప్ సబ్బులు చేసుకుంది, రొట్టె మీద మార్జరిన్ రాసుకుంది, మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్నుంచి వచ్చిన గ్లిజరిన్‌తో పేలుడు మందు చేసుకుంది. ఆ యంత్రాల్ని పీకేస్తే ఇదంతా ఎవడు నమ్ముతాడు?

లెక్కల మాస్టారు
చిన్న సవరణ. 1,75,250 అనేది సౌత్ జార్జియా ఒడ్డు స్టేషన్ల లెక్క, 1904 నుంచి 1965 దాకా. 1925లో వెనక ర్యాంపు ఉన్న ఫ్యాక్టరీ ఓడ వచ్చాక తిమింగలాన్ని నడిసముద్రంలోనే ఓడ మీదకి లాగి కోసేవారు, అవి ఇందులో కలవవు. అంటార్కిటిక్ సముద్రం మొత్తం కలిపితే 14 లక్షలు దాటుతుంది. ఏ అంకె గురించి మాట్లాడుతున్నామో ముందు తేల్చుకుంటే మంచిది.

గోంగూర పచ్చడి
మాస్టారూ మీకు దండం

హంసలదీవి
శీను గారూ, ఎవడు నమ్ముతాడు అంటున్నారు, లేజర్ స్కాన్లు చేసిపెట్టారు కదా ఆ స్టేషన్లన్నీ. కంప్యూటర్‌లో చూసుకోండి. అక్కడ ఉన్న రేకు ఎగిరి ఒక సీల్ జంతువుకి తగిలితే దానికి మీ చరిత్ర పాఠం అక్కర్లేదు. ఎలిఫెంట్ సీల్స్ ఆ షెడ్లలోకి దూరి పడుకుంటాయి, ఫర్ సీల్స్ అయితే మెట్ల మీద, బాయిలర్ల పక్కన, ఎక్కడ పడితే అక్కడ. వాటిని కూడా ఒకప్పుడు తోలు కోసం తుడిచిపెట్టేశారు, ఇప్పుడు లక్షల్లో తిరిగొచ్చి వాటి చోటు అవి తీసుకున్నాయి. మీ మ్యూజియం ఇప్పుడు వాటి ఇల్లు.

ఇంజిన్‌రూమ్ శీను
ఇల్లే అయితే కూల్చమంటారేంటి మరి 😀

హంసలదీవి
వెటకారం వద్దు.

దక్కన్ డ్రైవర్
అసలు ఆ తుక్కు ఎత్తబోయే కదరా నాయనా యుద్ధం వచ్చింది. అర్జెంటీనా తుక్కు వ్యాపారి దావిడోఫ్ 1979లో లీత్ వగైరా స్టేషన్ల ఇనుముకి కాంట్రాక్టు కుదుర్చుకున్నాడు, 1982 మార్చి 19న అతని మనుషులు దిగి అర్జెంటీనా జెండా ఎగరేశారు, రెండు వారాలకల్లా బ్రిటన్, అర్జెంటీనాల మధ్య ఫాక్లాండ్స్ యుద్ధం. ముందు దీవి ఎవరిదో తేల్చండి, తర్వాత ఇనుము సంగతి.

కోనసీమ కుర్రోడు
అన్నా అది వేరే థ్రెడ్, ప్లీజ్

దక్కన్ డ్రైవర్
వేరే ఎలా అవుద్ది? పీకాలంటే డబ్బెవడు పెట్టాలి? పెట్టినోడిదే దీవి అవుద్ది. సింపుల్.

లెక్కల మాస్టారు
గ్రిట్వికెన్‌లో 2003-04లో శుభ్రం చేశారు. ఆస్బెస్టాస్ ఉన్న గోడలు, కప్పులు తీసేసి యంత్రాల్ని అలాగే బయటికి వదిలారు. అందుకే ఫోటోల్లో బాయిలర్లు ఆరుబయట కనిపిస్తాయి. అంటే ఉంచడం, ఎత్తేయడం రెండూ కాకుండా మూడో దారి ఒకటి జరిగింది ఆల్రెడీ.

ఇంజిన్‌రూమ్ శీను
మాస్టారూ మంచి మాట ఎత్తారు, ఇక్కడే నా కడుపు మండేది. శుభ్రం చేసేటప్పుడు ఏం మిగిలింది, ఏం పోయిందో చూడండి. మేనేజర్ విల్లా మ్యూజియం అయింది. చర్చి నిలబడింది. అంటార్కిటికా అన్వేషకుడు షాకిల్టన్ 1922 జనవరిలో అక్కడే ఓడలో చనిపోయాడు, ఆయన సమాధి దగ్గర టూరిస్టులు విస్కీ పోసి చీర్స్ కొడతారు. అదే కంచె లోపల టైఫస్ జ్వరం వచ్చి చనిపోయిన పనివాళ్ళ సమాధులు ఉన్నాయి, వాటి ముందు ఎవడాగుతాడు? పనివాళ్ళు సినిమా చూసిన హాలు కూలిపోయింది. ఇక మిగిలినవి ఆ యంత్రాలే, వాళ్ళ చేతులు తగిలినవి.

మా ఊళ్ళో జూట్ మిల్లు మూతపడ్డప్పుడు మా నాన్నకి బకాయిలు రాలేదు, యూనియన్ వాళ్ళు కోర్టు చుట్టూ తిరిగారు, చివరికి మగ్గాలన్నీ తుక్కు కింద లారీల్లో పోయాయి, రాత్రికి రాత్రి. ఇవాళ అక్కడ ప్లాట్లు. అక్కడ రెండు వేల మంది బతికారు అంటే మా పిల్లలే నవ్వుతారు. అందుకని తుక్కుకి ఎత్తేయమని ఎవరన్నా సరే నాకు పడదు.

హంసలదీవి
మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే, కాదనను. కానీ జనపనారకి నెత్తురు లేదు శీను గారూ. మొదట్లో కొవ్వు ఒక్కటే తీసుకుని మిగతా శవాన్ని నీళ్ళలోకి తోసేసేవారు, ఒడ్డంతా కుళ్ళు, అందుకే మొత్తం వాడాలని రూల్ పెట్టాల్సొచ్చింది. అలాంటి పని చేసినవాళ్ళ కోసం కన్నీళ్ళు పెట్టమంటే నా వల్ల కాదు.

మీరు గ్రీవెన్స్ చెప్పారు కాబట్టి నాదీ చెప్తా. మా తీరంలో ప్రతి సీజన్‌లో ట్రాలర్ వలల్లో పడి చచ్చిన ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు కొట్టుకొస్తాయి. డిప్పలు పగిలి, కళ్ళు పోయి. వలంటీర్లం గుడ్లు ఏరి హేచరీలో పెడతాం. పిల్లల్ని నీళ్ళలోకి వదిలే రోజు కార్లేసుకుని జనం వస్తారు, ఫ్లాష్ కొట్టద్దు అంటే "మేం ఇంత దూరం వచ్చాం" అంటారు. ఒకాయన తాబేలు పిల్లని తన కొడుకు అరచేతిలో పెట్టి ఫోటో తీసుకున్నాడు, వద్దన్న నన్ను తిట్టాడు.

గోంగూర పచ్చడి
ఇది సౌత్ జార్జియాకి ఎలా లింకు మేడం?

హంసలదీవి
చెప్తున్నా కదా ఆగండి. చూపించడానికి ఏదో ఒకటి ఉంటే జనం వస్తూనే ఉంటారు. తుప్పు ఫ్యాక్టరీ, షాకిల్టన్ సమాధి, విస్కీ. సీజన్‌కి పది వేలకు పైగా మనుషులు దిగుతున్నారు అక్కడ. అవి లేకపోతే సగం మందికి ఆ దీవి పేరు కూడా తెలీదు.

కోనసీమ కుర్రోడు
అక్కా అలా అనకండి. మా బావ చెప్పాడు, దిగే ముందు రోజు ఓడలో అందర్నీ కూర్చోబెట్టి జాకెట్ల వెల్‌క్రోలో ఇరుక్కున్న గడ్డి గింజల్ని పేపర్ క్లిప్పుతో తీయిస్తారు, జేబులు తిరగేసి వాక్యూమ్ కొడతారు, బూట్ల అడుగు ఒక్కో గాడీ చూస్తారు. ఒకేసారి వంద మందికి మించి దిగనివ్వరు. ల్యాండింగ్ ఫీజు కూడా కడతారు. వాళ్ళని ఆ తాబేలు ఫోటో ఆయనతో కలిపేస్తే ఎలా?

హంసలదీవి
గింజ రాకపోతే చాలా? 2023లో బర్డ్ ఫ్లూ వచ్చింది అక్కడికి, ముందు స్కువా పక్షుల్లో కనబడి తర్వాత ఎలిఫెంట్ సీల్స్‌కి పాకింది, ఈనే ఆడ సీల్స్ సగానికి సగం తగ్గిపోయాయని తేల్చారు.

లెక్కల మాస్టారు
ఆ ఫ్లూ వలస పక్షులతో వచ్చిందనే అంటున్నారు, టూరిస్టులతో కాదు. అనవసరంగా కలపకండి.

హంసలదీవి
టూరిస్టులు తెచ్చారని నేననలేదు! ఇప్పటికే చస్తున్న చోట గుంపులు ఎందుకు అంటున్నా.

ఇంజిన్‌రూమ్ శీను
ఇదిగో, ఇప్పుడు బయటపడింది. మీకు ఇనుముతో గొడవే లేదు. మనిషి అడుగే పెట్టకూడదు, అంతేగా? అది ముందే చెప్పుంటే ఇంత పొడుగు వ్యాసాలు రాసేవాణ్ణి కాదు, బొబ్బలొచ్చాయి వేళ్ళకి.

హంసలదీవి
అవును. అంతే. ఎవరూ వెళ్ళకూడదు. సైన్సు వాళ్ళు తప్ప.

ఇంజిన్‌రూమ్ శీను
సైన్సు వాళ్ళు మనుషులు కాదా? హెలికాప్టర్లలో దాదాపు 300 టన్నుల ఎలకల మందు చల్లింది ఎవరు? దాంతో స్కువాలూ బాతులూ కూడా చచ్చాయి. రెయిన్‌డీర్‌ని 1911లో నార్వే వాళ్ళే మాంసం కోసం తెచ్చి వదిలారు, వందేళ్ళ తర్వాత నార్వే నుంచే షూటర్లని పిలిచి ఆరు వేలకు పైగా కాల్పించారు. అదంతా మీకు ఓకే, ఒక బాయిలర్ ఉంటే మాత్రం నేరం.

హంసలదీవి
ఓకేనే. 2018లో ఎలకలు లేవని ప్రకటించేలోపే పిపిట్ పక్షి తిరిగొచ్చింది, ప్రపంచంలో ఇంకెక్కడా లేని పాట పిట్ట, ఎలకల దెబ్బకి పక్క లంకల్లోకి పారిపోయింది. హిమానీనదాలు కరిగి వెనక్కి పోతుంటే ఎలకలకి ఒక వైపు నుంచి ఇంకో వైపుకి దారి పడేది, అందుకే అంత తొందరపడ్డారు. పాడు చేసినవాళ్ళు బాగు చేసి బయటికి నడవాలి. ఉండిపోయి టికెట్లు అమ్ముకోకూడదు.

ఇంజిన్‌రూమ్ శీను
బయటికి నడిచాక? ఇక్కడ ఏమీ జరగలేదు అన్నట్టు ఉంటుంది, పచ్చగా. అదే కదా కంపెనీలకి కావాల్సింది. నూనె అమ్ముకుని బాగుపడ్డ కంపెనీల పేర్లు ఎవడికీ గుర్తుండవు, పనివాడు కసాయివాడు అన్న మాట ఒక్కటే మిగులుతుంది. మీరు కన్నీళ్ళు రావు అన్నారే, ఆ పనివాడికి. అదీ నాకు గుచ్చుకుంది, ఇనుము కాదు.

హంసలదీవి
పనివాణ్ణి అన్నది నిజమే, వెనక్కి తీసుకోను. జీతం కోసం చేశాడని చెప్తే తిమింగలానికి ఏం ఒరిగింది? కంపెనీ పేరు రాయండి, పెద్ద బోర్డు పెట్టండి, లండన్‌లో పెట్టండి, ఓస్లోలో పెట్టండి, లాభాలు చేరిన చోట. సీల్స్ మధ్యలో ఎందుకు?

దక్కన్ డ్రైవర్
బ్యూనస్ ఎయిర్స్‌లో కూడా పెట్టాలి, గ్రిట్వికెన్ కంపెనీ అర్జెంటీనాలోనే రిజిస్టర్ అయింది 👆 నేను ముందే చెప్పా ఎవరిదో తేల్చండని

ఇంజిన్‌రూమ్ శీను
బోర్డు సరే. లండన్‌లో బోర్డు చదివినోడికి ఆ వించి సైజు తెలీదు మేడం. నేను ఒప్పుకోను.

కోనసీమ కుర్రోడు
బావకి ఈ థ్రెడ్ లింకు పంపా. చదివి "మరి వచ్చే ఏడాది మీ అక్కని కూడా తీసుకెళ్దామనుకున్నా, డిపాజిట్ కట్టేశా, ఏం చేయమంటారు" అని అడుగుతున్నాడు.

హంసలదీవి
వెళ్ళద్దని చెప్పండి.

ఇంజిన్‌రూమ్ శీను
వెళ్ళమనండి. ఆ పనివాళ్ళ సమాధుల దగ్గర కాసేపు ఆగమనండి, షాకిల్టన్‌కి విస్కీ పోసేవాళ్ళు ఎలాగూ ఉంటారు.