యానిమేషన్ కోసం మనిషి బొమ్మ: మొదటి నుంచి మోడల్ చేయాలా, రెడీమేడ్ మెష్ తీసుకోవాలా?

కొత్త మోడలర్:
అందరికీ నమస్కారం. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో కుర్చీలు, బల్లలు, కార్ల దాకా చేయగలుగుతున్నాను. ఇప్పుడు మనుషుల్ని చేయడం నేర్చుకోవాలని ఉంది. మనుషుల 3డీ బొమ్మలు ఇచ్చే మేక్‌హ్యూమన్ ప్రోగ్రామ్‌లో తయారుగా ఉన్న శరీరం తీసుకుని మార్చుకుంటే చాలని కొందరు, ఖాళీ సీన్‌లో సొంతంగా చేస్తే తప్ప రాదని ఇంకొందరు అంటున్నారు. ఏ దారిలో వెళ్లమంటారు?

రిగ్గర్:
రెడీమేడే తీసుకోండి. పని జరిగే చోట ప్రతి పాత్రనూ మొదటి నుంచి చేయరు. ఒక మంచి బేస్ మెష్ (మార్పులకు ఆధారంగా వాడే, గీతలతో వలలా అల్లిన బొమ్మ) ఉంటే దాన్నే లావుగా, సన్నగా, ముసలిగా మార్చుకుంటారు. టోపాలజీ, అంటే మెష్‌లో గీతల అల్లిక, మారకపోతే యూవీలు (బొమ్మ మీద రంగులు ఎక్కడ పడాలో చెప్పే పటం), వెయిట్లు (ఏ ఎముక మెష్‌లో ఏ భాగాన్ని ఎంత కదపాలో చెప్పే విలువలు) మళ్లీ వాడుకోవచ్చు. మేక్‌హ్యూమన్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసిన మోడళ్లు సీసీ జీరో (ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చనే లైసెన్స్) కింద వస్తాయి కాబట్టి లైసెన్స్ టెన్షన్ కూడా లేదు. మీ లక్ష్యం యానిమేషన్ అయితే నెలల తరబడి మోడలింగ్‌లోనే ఆగిపోవద్దు.

శిల్పి:
పని చేయడానికి ఆ మాట నిజం. నేర్చుకోవడానికి మాత్రం నేను ఒప్పుకోను. గీతలు అలా ఎందుకు తిరిగాయో తెలియనివాళ్లు, మెష్ పాడైతే బాగుచేయలేరు.

భుజాన్నే తీసుకోండి. టీ-పోజ్‌లో, అంటే చేతులు పక్కలకు చాపి నిలబడ్డప్పుడు, చక్కగా ఉంటుంది. చెయ్యి నిట్టనిలువుగా పైకెత్తించగానే చంక నలిగిపోతుంది, భుజం మీద గుంట పడుతుంది. ఎందుకంటే మన చెయ్యి భుజం కీలు ఒక్కదానితోనే లేవదు. 180 డిగ్రీలు ఎత్తితే అందులో సుమారు 60 డిగ్రీలు వీపు పైన ఉండే రెక్క ఎముక తిరగడం వల్ల వచ్చినవే. కాలర్ బోన్ కూడా దాంతోపాటు లేస్తుంది. అందుకే ఛాతీ కండరం గీతలు చంక ముందు నుంచి భుజంలోకి పారాలి. చేతిని ఒక గొట్టంలా చేసి మొండేనికి అతికిస్తే ఆ కదలికకు మెష్‌లో చోటే ఉండదు. సొంతంగా ఒకసారి చేసి, వంచి, చెడిపోయిన చోట గీతలు మార్చి చూస్తేనే ఇది కంటికి పడుతుంది.

వేళ్ల సంగతీ అంతే. మీ పిడికిలి బిగించి చూడండి. వేలు మొదలయ్యే కణుపు, వేళ్ల సందులోని చర్మం కంటే చాలా వెనక ఉంటుంది. అరచేతి వైపు నుంచి చూస్తే పొట్టిగా కనిపించే వేలు వెనక వైపు పొడుగ్గా ఉంటుంది. కొత్తవాళ్లు సందు దగ్గరే కీలు పెట్టేస్తారు, పిడికిలి బిగించినప్పుడు చెయ్యి చెయ్యిలా ఉండదు.

రిగ్గర్:
భుజం గురించి మీరన్నది సరే. కానీ సగం సమస్యలు రిగ్‌లో, అంటే బొమ్మను కదిపే ఎముకల అమరికలో, తీరేవే. మణికట్టు తిప్పినప్పుడు చాక్లెట్ కాగితంలా మెలిపడుతుందనుకోండి, ట్విస్ట్ బోన్లు (మెలికను పంచే అదనపు ఎముకలు) పెడితే పోతుంది. అది మోడలర్ నెత్తిన వేయడం దేనికి?

శిల్పి:
అరచెయ్యి తిప్పితే ముంజేతిలోని రెండు ఎముకల్లో ఒకటి రెండోదాని మీదుగా దాటుతుంది, మెలిక ముంజెయ్యి అంతటా పరుచుకుంటుంది. ట్విస్ట్ బోన్లు చేసేదీ అదే. మరి మోచేతికీ మణికట్టుకీ మధ్య లూప్‌లే (చెయ్యి చుట్టూ తిరిగే గీతల వలయాలు) లేకపోతే అవి దేన్ని తిప్పుతాయి రిగ్గర్ గారూ?

రిగ్గర్:
ఆ మాటకు ఎదురు చెప్పను. అయినా కొత్తవాళ్లను మొత్తం శరీరం, అందులోనూ ముఖం చేయమంటే మధ్యలో వదిలేస్తారు. అలా వదిలేసినవాళ్లను చూశాను కాబట్టే చెబుతున్నాను.

శిల్పి:
ముఖంతో మొదలుపెట్టమని నేనూ అనను. భుజం, ఛాతీలో కొంత భాగంతో కలిపి ఒక్క చెయ్యి చేయమంటాను. దానికి ఎముకలు పెట్టి, వెయిట్లు సొంతంగా పెయింట్ చేసి, అన్ని వైపులా వంచి చూడాలి. ఆ తర్వాత రెడీమేడ్ శరీరం తెరిస్తే అందులో ప్రతి గీతా ఎందుకుందో తెలుస్తుంది. అప్పుడు దాన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు.

కొత్త మోడలర్:
చెయ్యితోనే మొదలుపెడతానండి. మట్టి బొమ్మలా స్కల్ప్ట్ చేసి రీటోపాలజీ (దాని మీద గీతలు మళ్లీ అల్లడం) చేయాలా, నేరుగా పాలిగాన్లతో (చిన్న పలకలతో) కట్టాలా? మోచేతికి ఎన్ని లూప్‌లు కావాలి?

రిగ్గర్:
మొదటిసారికి నేరుగా పాలిగాన్లతోనే కట్టండి, అన్నీ క్వాడ్లే (నాలుగు అంచుల పలకలు) ఉండేలా చూసుకోండి. మోచేతికి కనీసం మూడు లూప్‌లు: మడత మీద ఒకటి, అటూ ఇటూ ఒక్కోటి. లోపలి వైపు అవి దగ్గరగా, మోచేతి మొన వైపు ఎడంగా ఉండాలి. వంచినప్పుడు సాగేది ఆ వైపే.