సమస్యాపూరణం: చెఱను బడినట్టి దొర సంధి చేసె నౌర!

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి పాదం. నాయకుడు స్పెయిను ప్రభువు గాస్పర్ దె ఆరో (1629–1687). 1663లో అమైషియాల్ యుద్ధంలో పోర్చుగీసువారికి చిక్కాడు. 1668 ఫిబ్రవరి 13న లిస్బన్ సంధిపై స్పెయిను తరఫున సంతకం పెట్టింది ఆ బందీయే! 28 ఏళ్ళ పోరు ఆగింది. తర్వాత రోములో రాయబారి, నేపుల్సులో రాజప్రతినిధి. చిత్రాలంటే ప్రాణం.

మొదటి పూరణ:

పోర్చుగల్లుతోఁ బోరాడఁ బోయి చిక్కి
ఐదు వత్సరాల్ లిస్బను నందు గడిపి
ఉభయ రాజ్యాల పగ తీర్ప నూని కలము
చెఱను బడినట్టి దొర సంధి చేసె నౌర!

ఒక సభ్యురాలు: ధార బాగుందండీ. మొదటి పాదం గుక్క తిప్పుకోకుండా చదివించింది. కానీ 1663 జూన్ నుంచి లెక్కేస్తే నాలుగేళ్ళ ఎనిమిది నెలలే కదా?

కవి: నిజమేనమ్మా. సవరణ: “నాలుగేండ్లకుఁ బైఁబడి నలిగి యచట”.

రెండవ పూరణ:

వెనుక దిరిగిన చిత్రంపు వీనసమ్మ
అద్దమందున మసకైన మోము గాంచి
కత్తికిని కుంచెకును మధ్యఁ గళల కోట
చెఱను బడినట్టి దొర సంధి చేసె నౌర!

నిర్వాహకుడు: అమ్మా, చెఱను కళల కోటగా మార్చడం ఈ వారానికే వన్నె! స్పెయిను చిత్రకారుడు వెలాస్కెజ్ గీసిన ఆ వీనసు (రోమన్ల ప్రేమదేవత) మనకు వీపే చూపుతుంది. మొహం అద్దంలో మసగ్గా కనిపిస్తుంది. రెండవ పాదంలో మాత్రం ‘అ’కూ ‘మో’కూ యతి చెల్లదు. “ముకురమందున” అంటే సరిపోతుంది.

కవయిత్రి: మార్చుకుంటానండీ. ‘అద్దం’ లాంటి ఇంటి మాట పోయిందన్న బెంగ మాత్రం ఉంది.

మొదటి కవి: అమ్మా, 1651 నాటి గాస్పర్ దొర చిత్రాల సేకరణ జాబితాలోనే ఆ వీనసు ఉంది. అప్పటికి ఆయనకు 22 ఏళ్ళు. అంటే లిస్బన్ చెఱకు పన్నెండేళ్ళ ముందే మీ చెఱలో పడ్డాడు! ‘వీనసమ్మ’ అనగానే మా ఊరి గుళ్ళో అమ్మవారిని పిలిచినట్టయింది. దాన్ని మాత్రం మార్చకండి.

కవయిత్రి: మార్చనండీ. ఆ బొమ్మ ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. 1914లో ఒకామె కత్తితో దాని వీపు మీద గాట్లు పెట్టింది, తర్వాత అతికి బాగుచేశారు. మూడో పాదంలో ‘కత్తి’ రాస్తున్నప్పుడు ఆ గాట్లే కళ్ళముందు మెదిలాయి.