వీఎఫ్‌ఐఓ-యూజర్‌లో పరికర ప్రాసెస్‌ను గెస్ట్ ఆగకుండా మళ్లీ కలపడం ఎలా?

ఒంగోలులోని మా ఇంజినీరింగ్ కళాశాల ల్యాబ్‌లో వర్చువల్ మెషీన్ (గెస్ట్) డిస్కును, ఆ మెషీన్‌ను నడిపే క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌కు వెలుపల, ఎస్‌పీడీకే అనే స్టోరేజీ సాఫ్ట్‌వేర్ కిట్‌తో వేరే ప్రాసెస్‌లో (పరికర ప్రాసెస్) నడుపుతున్నాము. మొదట, క్యూఈఎంయూ ఆ ప్రాసెస్‌తో సాకెట్ ద్వారా మాట్లాడే వీహోస్ట్-యూజర్-బ్లాక్ ప్రోటోకాల్ వాడాము. గెస్ట్ మెమరీని మెమ్‌ఎఫ్‌డీతో (ప్రాసెస్‌లు పంచుకోగల మెమరీ ఫైలు), షేర్ ఆన్ చేసి ఇచ్చి, సాకెట్‌కు రీకనెక్ట్ పెట్టాక, ఆ ప్రాసెస్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టినా, పూర్తికాని రిక్వెస్టుల లెక్క ఇన్‌ఫ్లైట్ మెమరీలో నిలిచి ఉండటం వల్ల గెస్ట్‌లో చదవడం, రాయడం ఏ లోపమూ లేకుండా కొనసాగాయి. ఈ ఏర్పాటు నిజంగా మెచ్చదగినది.

అయితే ఆ ప్రోటోకాల్ వర్ట్‌ఐఓ (వర్చువల్ మెషీన్ల కోసం నిర్వచించిన) పరికరాల కోసం రూపొందినది. మా విద్యార్థులు ఎన్‌వీఎంఈ (పీసీఐ ద్వారా కలిసే ఎస్‌ఎస్‌డీల ప్రమాణం) డ్రైవర్ రాయవలసి ఉన్నందున, రిజిస్టర్లతో సహా పూర్తి పీసీఐ పరికరాన్ని చూపగల వీఎఫ్‌ఐఓ-యూజర్ ప్రోటోకాల్‌కు, క్యూఈఎంయూ 10.1తో మారాము. బూట్ సక్రమంగానే జరుగుతోంది. పరికర ప్రాసెస్‌ను ఆపితే మాత్రం, గెస్ట్‌లోని లినక్స్ డ్రైవర్ 30 సెకన్ల తరువాత టైమౌట్ చూపి, స్టేటస్ రిజిస్టర్‌లో అన్ని బిట్లూ 1గా చదివి, కంట్రోలర్ రీసెట్ విఫలమై, డిస్కును తొలగిస్తోంది. టైమౌట్ పెంచితే ఆ సందేశం ఆలస్యమైంది తప్ప కనెక్షన్ తిరిగి కుదరలేదు. సాకెట్ ఫైలును అదే మార్గంలో మళ్లీ సృష్టించినా ఫలితం లేదు. హాట్‌ప్లగ్‌తో (గెస్ట్ నడుస్తుండగానే) తీసి పెడితే పరికరం వస్తుంది గాని, మౌంట్ అయి ఉన్న ఫైల్ సిస్టమ్ దెబ్బతింటుంది.

డిస్కును తొలగించకుండా, గెస్ట్‌ను రీబూట్ చేయకుండా, వీఎఫ్‌ఐఓ-యూజర్‌లో పరికర ప్రాసెస్‌ను మళ్లీ కలిపే పద్ధతి మీలో ఎవరికైనా పని చేసిందా, చేస్తే ఏ సెట్టింగులతో?