‘అంబ్రెల్లా బాడీ’కి తెలుగులో ఏ మాట? గొడుగా, తల్లా, సమాఖ్యా?

స్పోర్ట్స్ అనువాదకురాలు: ఈ తెలుగు గుంపులో అందరికీ నమస్కారం. క్రీడా సంస్థల పాలన మీద ఒక పాఠ్యపుస్తకాన్ని తెలుగులోకి తెస్తున్నాను. అందులో ‘అంబ్రెల్లా బాడీ’ (అనేక సంస్థలకు పైనుండే పెద్ద సంస్థ) అనే మాట పేజీపేజీకీ తగులుతోంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) అంబ్రెల్లా బాడీ అట. 206 జాతీయ ఒలింపిక్ కమిటీలు కలిసి పెట్టుకున్న అనోక్ కూడా అంబ్రెల్లా బాడీయేనట. ఆసియా ఒలింపిక్ కౌన్సిల్ కూడా అదే. గొడుగు సంస్థ, ఛత్ర సంస్థ, మాతృసంస్థ, శిఖర సంస్థ... వీటిలో ఏది బాగుంటుంది? మూలంలో మూడింటికీ ఒకే మాట వాడారు. నేనూ ఒకే మాటతో సరిపెట్టుకోవచ్చా?

పాత సబ్ ఎడిటర్: మాతృసంస్థ అని రాసేయండమ్మా. పేపర్లో ఏళ్ల తరబడి అలాగే రాశాం, ఎవరూ ఫోన్ చేసి అడగలేదు. ‘గొడుగు సంస్థ’ అని మాత్రం రాయకండి, గొడుగులు అమ్మే కంపెనీ అనుకుంటారు.

తెలుగు మాస్టారు: గొడుగును అంత తేలిగ్గా తీసెయ్యకండి. ఇంగ్లీషు గొడుగు వాన నుంచి కాపాడేది. మన గొడుగు అది మాత్రమే కాదు, రాజచిహ్నం. ఛత్రచామరాలు అంటాం. దేశమంతా ఒక్కడి ఏలుబడిలో ఉంటే ఏకచ్ఛత్రాధిపత్యం అంటాం. ఎవరి చలవ వల్లనైనా బతుకుతుంటే ‘వారి ఛత్రచ్ఛాయలో’ అంటాం. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్న సామెత సరేసరి. మన భాషలో గొడుగు దానంతటది నిలబడదు, ఒకరి నెత్తిన మరొకరు పట్టాలి. కాబట్టి ‘ఛత్ర సంస్థ’ అనగానే తెలుగు చెవికి రక్షణ కంటే ముందు అధికారం వినిపిస్తుంది. మీ సంస్థల్లో ఉన్నది రక్షణా, అధికారమా? అది తేలితే మాట దానంతటదే దొరుకుతుంది.

మైదానం గట్టు మీద: మాస్టారు అడిగినదే అసలు ప్రశ్న. పుస్తకం మూడింటినీ ఒకే గాటన కట్టింది గానీ, వాటి పుట్టుక వేరు, నడక వేరు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఐఓసీ 1894 జూన్ 23న పారిస్‌లో పుట్టింది. అప్పటికి ఇప్పుడు మనం చూస్తున్న జాతీయ కమిటీల వ్యవస్థే లేదు. పైది ముందు పుట్టింది, కిందవి తర్వాత వచ్చాయి. అంతవరకు చూస్తే సబ్ ఎడిటర్ గారి ‘మాతృ’ కొంత నప్పుతుంది. కానీ పాలన చూడండి. ఐఓసీలో సభ్యులు దేశాలు కాదు, కమిటీలు కాదు, మనుషులు. ఒలింపిక్ చార్టర్ (ఐఓసీ నియమావళి) ప్రకారం గరిష్ఠంగా 115 మంది. అందులో 70 మంది ఏ పదవితోనూ ముడిపడకుండా విడిగా వచ్చేవారు. క్రీడాకారుల కోటా 15, అంతర్జాతీయ క్రీడా సమాఖ్యల కోటా 15, జాతీయ కమిటీల కోటా 15. కొత్తవారిని ఎన్నుకునేది పాతవారే, అదీ తమ సమావేశంలో రహస్య ఓటుతో. ఒలింపిక్స్‌లో క్రీడాకారులు ఓట్లేసి గెలిపించినవారినైనా చివరికి ఆ సమావేశం ఆమోదించాల్సిందే. 206 జాతీయ కమిటీలున్నా అక్కడ ఏ కమిటీకీ కమిటీగా ఒక్క ఓటు లేదు.

అనోక్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. కమిటీలే కలిసి 1979లో దాన్ని పెట్టుకున్నాయి. సర్వసభ్య సమావేశంలో కమిటీకి ఒక ఓటు. చైనాకూ ఒకటే, గువామ్‌కూ ఒకటే. అంటే ఇక్కడ పిల్లలే కలిసి తల్లిని కన్నారు. దాన్ని మాతృసంస్థ అంటే చరిత్ర అడ్డం తిరుగుతుంది.

పాత సబ్ ఎడిటర్: పిల్లలు తల్లిని కన్నారన్నది బాగుంది గానీ, హెడ్డింగులో పట్టదు. ప్రత్యామ్నాయం చెప్పండి.

ఐకేపీ సీసీ: నేను క్రీడల మనిషిని కాను, పొదుపు సంఘాల పని చూస్తాను. కానీ ఈ వ్యవహారం వింటుంటే రోజూ చేసే పనిలాగే ఉంది. మా దగ్గర పది పన్నెండు మంది ఆడవాళ్లు కలిస్తే పొదుపు సంఘం. ఊళ్లో సంఘాలన్నీ కలిస్తే గ్రామైక్య సంఘం. అవన్నీ కలిస్తే మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్య. రెండు రాష్ట్రాల్లో ఏ ఊరికి వెళ్లి అడిగినా ‘సమాఖ్య’ అంటే ఏమిటో చెబుతారు: సంఘాలు కలిసి పెట్టుకున్న పెద్ద సంఘం అని. మాతృసంస్థ అంటే మాత్రం ‘ఏ ఆఫీసు?’ అంటారు.

తెలుగు మాస్టారు: సీసీ గారూ, శభాష్. సంస్కృతంలో సమాఖ్య అంటే పేరు, కీర్తి. కూటమి అనే అర్థం అక్కడ లేదు. అది తెలుగులో స్థిరపడింది. సివిక్స్ పుస్తకంలో ‘సమాఖ్య వ్యవస్థ’గా చదివాం, పొదుపు సంఘాలు దాన్ని ఇంటింటి మాట చేశాయి. జాతీయ ఒలింపిక్ కమిటీల సమాఖ్య. ఖాయం చేసుకోండి.

పాత సబ్ ఎడిటర్: ఒక్క నిమిషం. పేపర్లో సమాఖ్య అంటే ఫెడరేషన్. భారత రెజ్లింగ్ సమాఖ్య, అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య. అంటే ఒక్క ఆటను చూసుకునే సంస్థ. అనోక్ ఏ ఆటనూ చూసుకోదు. ఇంకో తమాషా చూడండి. భారత ఒలింపిక్ ‘సంఘం’లో సభ్యులుగా ఉన్నవి జాతీయ క్రీడా ‘సమాఖ్యలు’. సీసీ గారి ఊళ్లో సంఘాలు కలిస్తే సమాఖ్య, మా స్పోర్ట్స్ పేజీలో సమాఖ్యలు కలిస్తే సంఘం. ఈ చిక్కు ఎలా విప్పుతారు?

మైదానం గట్టు మీద: చిక్కు నిజమే. ఆ పేర్లు ఇంగ్లీషు అసోసియేషన్, ఫెడరేషన్ వెంట పడి పెట్టినవి, అందుకే అలా ఉన్నాయి. స్థిరపడిన సొంత పేర్లను ఇప్పుడు మార్చలేం. కానీ అనువాదకురాలు అడిగింది సొంత పేరు కాదు, జాతివాచకం. ‘కమిటీల సమాఖ్య’ అన్నప్పుడు ‘కమిటీల’ అనే షష్ఠి ఎవరెవరు కలిశారో చెప్పేస్తుంది. ఫుట్‌బాల్ సమాఖ్యతో తికమక ఉండదు.

సీసీ గారి పోలికను నేను ఇంకొంచెం లాగుతాను, ఎందుకంటే అసలు పాలన అక్కడే ఉంది. అనోక్ కింద ఐదు ఖండాల సమాఖ్యలు ఉన్నాయి. ఐఓసీ గుర్తించిన కమిటీల లెక్కలో ఆఫ్రికా 54, ఐరోపా 50, ఆసియా 44, అమెరికాలు 41, ఓషియానియా 17. ఆ ఐదింటి అధ్యక్షులు అనోక్‌లో ఉపాధ్యక్షులు. ఇంతవరకూ మండలం, జిల్లా లెక్కే. తేడా డబ్బు దగ్గర వస్తుంది. కమిటీలకు సాయం వెళ్లేది ఒలింపిక్ సాలిడారిటీ నుంచి. అది ఐఓసీ టీవీ హక్కుల ఆదాయంలో కమిటీలకు చెందే వాటా. 2021-24 ప్రణాళికకు 59 కోట్ల డాలర్లు. దాన్ని నడిపే ఐఓసీ కమిషన్‌కు అధ్యక్షుడెవరు? 2012లో అనోక్ అధ్యక్షుడైన కువైట్ షేక్ అహ్మద్, ఆయన తర్వాత అనోక్ పగ్గాలు పట్టిన ఫిజీ వైద్యుడు రాబిన్ మిచెల్. ఓట్లు వేసేది కమిటీలు, ఆ కమిటీలకు సాయం పంచే బల్లకు పెద్ద ఆ ఓట్లతో గెలిచినాయన. ఏ పైసా దారి తప్పిందని నేననడం లేదు. కానీ అలాంటి చోట పోటీకి నిలబడే ధైర్యం ఎందరికి ఉంటుందో మీరే ఊహించుకోండి.

మెక్సికో పత్రికాధిపతి మారియో వాస్కెజ్ రాన్యా 1979 నుంచి 2012 వరకు అనోక్ అధ్యక్షుడిగా ఉన్నారు. ముప్ఫై మూడేళ్లు! కమిటీకి ఒక ఓటు ఉన్న చోటే ఇది జరిగింది. మాస్టారు చెప్పిన ఏకచ్ఛత్రం ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. గొడుగు పట్టింది సభ్యులు, నీడలో కూర్చున్నది అధ్యక్షుడు.

తెలుగు మాస్టారు: చూశారా, గొడుగును మీరే వెనక్కి తెచ్చారు.

మైదానం గట్టు మీద: ఎగతాళికి తెచ్చాను మాస్టారూ, పాఠ్యపుస్తకానికి కాదు.

స్పోర్ట్స్ అనువాదకురాలు: అనోక్‌కు సమాఖ్య ఖాయం చేశాను. ఆసియా కౌన్సిల్‌ను పేపర్లు ‘ఆసియా ఒలింపిక్ మండలి’ అంటున్నాయి కదా. మండలి అంటే నామినేటెడ్ సభ్యులున్నదన్న ధ్వని రాదా?

పాత సబ్ ఎడిటర్: శాసనమండలి వల్ల వచ్చిన ధ్వని అది. మండలిలో ఎన్నికైనవారూ ఉన్నారు, మరిచిపోకండి. అది సొంత పేరు, మార్చకండి. పక్కన ‘ఆసియా కమిటీల సమాఖ్య’ అని ఒకసారి వివరిస్తే చాలు.

మైదానం గట్టు మీద: అవును. పైగా ఆ మండలి పుట్టింది మన ఢిల్లీలోనే, 1982 ఆసియా క్రీడల సమయంలో. కార్యాలయం కువైట్‌లో. మొదటి అధ్యక్షుడు షేక్ ఫహద్ 1990 ఆగస్టు 2న ఇరాక్ దాడిలో చనిపోయారు. తర్వాత కుర్చీ కొడుకు షేక్ అహ్మద్‌కు దక్కింది, 2021 దాకా ఆయనదే. జెనీవా కోర్టు ఫోర్జరీ కేసులో దోషిగా తేల్చాక దిగారు. రాజా రణధీర్ సింగ్ తాత్కాలికంగా పగ్గాలు తీసుకున్నారు. 2023 జులైలో బ్యాంకాక్‌లో ఎన్నిక జరిగితే అహ్మద్ తమ్ముడు షేక్ తలాల్ 24-20తో గెలిచారు. వద్దన్నా వినకుండా అహ్మద్ బ్యాంకాక్ వెళ్లారని, ఎన్నికను ప్రభావితం చేశారని ఐఓసీ తేల్చింది. ఆయన్ను మూడేళ్లు సస్పెండ్ చేసింది. ఆ ఎన్నికనే గుర్తించనంది. 2024 సెప్టెంబరులో ఢిల్లీలో రణధీర్ సింగ్ పోటీ లేకుండా అధ్యక్షుడయ్యారు.

ఇక్కడ ఒక మాట పట్టుకోండి: ‘గుర్తింపు’. ఐఓసీ అనోక్‌కు తల్లి కాదు, ఆసియా మండలికి యజమాని కాదు. కాగితం మీద అవి విడి సంస్థలు. కానీ సభ్యులు వేసిన 24 ఓట్లు ఐఓసీ గుర్తించకపోతే చెల్లలేదు. మన భారత ఒలింపిక్ సంఘానికీ ఆ సెగ తగిలింది. చార్టర్‌ను పక్కనపెట్టి సర్కారు నిబంధనల ప్రకారం ఎన్నికలు పెడుతున్నారని 2012 డిసెంబరులో భారత సంఘాన్ని ఐఓసీ సస్పెండ్ చేసింది. 2014 ఫిబ్రవరి 7న సోచి శీతాకాల ఒలింపిక్స్ ఆరంభ వేడుకలో మన ముగ్గురు క్రీడాకారులు త్రివర్ణ పతాకం లేకుండా ఐదు వలయాల జెండా వెనక నడిచారు. 9న ఇక్కడ మళ్లీ ఎన్నికలు జరిగాయి, 11న సస్పెన్షన్ ఎత్తేశారు, ఆటలు సగంలో ఉండగానే అక్కడ మన జెండా ఎగిరింది. తర్వాత 2022లో మళ్లీ గొడవ ముదిరితే సుప్రీంకోర్టు నియమించిన విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావు గారు, మన తెలుగాయనే, సంఘం నియమావళిని సరిదిద్దారు. ఆ నియమావళి ప్రకారమే ఆ డిసెంబరులో పి.టి. ఉష అధ్యక్షురాలయ్యారు.

తెలుగు మాస్టారు: అయితే ఐఓసీకి ‘గుర్తింపు సంస్థ’ అనవచ్చుగా?

పాత సబ్ ఎడిటర్: కాలేజీలకు గుర్తింపు ఇచ్చే బోర్డు అనుకుంటారు మాస్టారూ. ‘అత్యున్నత సంస్థ’ చాలు. దానికి ఎవరు కన్నారు, ఎవరు పెట్టారు అన్న బాధ లేదు. పైన ఉందన్న సంగతి ఒక్కటే చెబుతుంది.

మైదానం గట్టు మీద: ఒప్పుకుంటున్నాను. అనువాదకురాలు గారూ, అడగకపోయినా ఇంకొకటి చెబుతాను. పుస్తకంలో ఐఓసీ సభ్యుల గురించి వచ్చినప్పుడు ‘ఐఓసీలో భారత ప్రతినిధి’ అని రాయకండి. నీతా అంబానీ గురించి పేపర్లు అలాగే రాస్తుంటాయి, 2016లో రియోలో ఎన్నికైనప్పటి నుంచీ. చార్టర్ చెప్పేది దానికి సరిగ్గా ఎదురు: సభ్యుడు తన దేశంలో ఐఓసీకి ప్రతినిధి, ఐఓసీలో తన దేశానికి కాదు. ప్రభుత్వాల నుంచో మరెవరి నుంచో తమను కట్టిపడేసే ఆదేశాలు తీసుకోకూడదని నియమం. వరస మారిస్తే అర్థమే మారిపోతుంది. ‘భారత్ నుంచి ఐఓసీ సభ్యురాలు’ అంటే తప్పు రాదు.

స్పోర్ట్స్ అనువాదకురాలు: ఇది నిజంగా పనికొచ్చింది, ఆ అధ్యాయమే రేపు మొదలుపెడుతున్నాను. పాతవారే కొత్తవారిని తీసుకునే పద్ధతికి మూలంలో ‘కో-ఆప్షన్’ అని ఉంది. నిఘంటువులో ‘సహయోజనం’ కనిపించింది.

ఐకేపీ సీసీ: మా మండల పరిషత్‌లో కో ఆప్షన్ సభ్యుడు ఉన్నాడు. సహయోజిత సభ్యుడు అంటే ఆయనే వెనక్కి తిరిగి చూడడు.

తెలుగు మాస్టారు: తెలుగు గుంపులో కూర్చుని కో ఆప్షన్‌కు ఓటేయమంటారా? ‘తమలో చేర్చుకోవడం’ అనండి. క్రియగా రాస్తే నామవాచకం కోసం తడుముకునే పని ఉండదు.

స్పోర్ట్స్ అనువాదకురాలు: మొదటిసారి ‘పాత సభ్యులే కొత్తవారిని తమలో చేర్చుకునే కో ఆప్షన్ పద్ధతి’ అని రాస్తాను, తర్వాత కో ఆప్షన్ అని వాడతాను. మాస్టారు మన్నించాలి. ఇక ‘నేషనల్’ మిగిలింది. ఆ 206లో హాంకాంగ్, గువామ్, ప్యూర్టోరికో ఉన్నాయి. అవి స్వతంత్ర దేశాలు కావు, కమిటీలు మాత్రం ‘నేషనల్’. జాతీయ అనాలా, దేశీయ అనాలా?

మైదానం గట్టు మీద: జాతీయ అనే ఉంచండి. స్వతంత్ర రాజ్యాలకే కొత్తగా గుర్తింపు ఇవ్వాలన్న నియమం 1990ల్లో పెట్టారు, అంతకు ముందు చేరినవారు అలాగే కొనసాగుతున్నారు. ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలుంటే ఇక్కడ 206 ఉండడానికి అదీ ఒక కారణం. కింద ఒక వాక్యం ఫుట్‌నోటు పెట్టండి.

పాత సబ్ ఎడిటర్: ఫుట్‌నోటు ఎవరూ చదవరు. మొదటి పేరాలోనే రాయండి.