డైపర్ చెవులు సాగాలంటే: మోర్మన్ పద్ధతా, పళ్ళ రోలర్లా?

నూలుపోగు:
నడుం పట్టీకి అటూ ఇటూ ఉండే చెవులు అడ్డంగా సాగాలి. కింబర్లీ-క్లార్క్‌లో మైఖేల్ మోర్మన్ పేరిట ఉన్న అమెరికా పేటెంట్ 5226992 (1993) చదవండి. నాన్‌వోవెన్ గుడ్డను (నేయకుండా పోగుల్ని అతికించి చేసేది) పొడవునా గుంజితే వెడల్పు తగ్గుతుంది. అలా బిగబట్టి ఉంచే, సాగే ఫిల్మ్‌ను గుంజకుండా దానికి అతికిస్తారు. ఇక అడ్డంగా లాగితే గుడ్డ పాత వెడల్పుకు విచ్చుకుంటుంది, వదిలితే ఫిల్మ్ ముడుస్తుంది. 100 సెం.మీ. గుడ్డ 60కి తగ్గితే 67 శాతం సాగుదల. పోగు తెగదు, ఫిల్మ్‌కు చిల్లు పడదు. ఇంకేం కావాలి?

పళ్ళరోలరు:
గుడ్డ ఖర్చు లెక్కేశారా? వెడల్పు 60 శాతానికి తగ్గి, పొడవు 1.3 రెట్లయితే 20 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) గుడ్డ 25.6 అవుతుంది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వాళ్ళ 5167897 పేటెంట్ (1992) దారిలో గుడ్డనూ ఫిల్మ్‌నూ దేన్నీ గుంజకుండానే అతికించి, తర్వాత ఒకదానిలో ఒకటి దూరే పళ్ళున్న రోలర్ల మధ్య నడిపిస్తారు. పళ్ళ మధ్య దూరం 3 మి.మీ., దూరే లోతు 2 మి.మీ. అయితే అందులో సగం, అంటే 1.5 మి.మీ. గుడ్డ, ఏటవాలుగా 2.5 మి.మీ. దారి పట్టాలి. అదీ 67 శాతమే!

నూలుపోగు:
కాగితం మీద అంతే. రోలర్లు ఒక పక్క లోతుగా దిగితే ఆ పక్క చిల్లులే. వేగం పెంచితే పోగులు సాగే లోపే తెగి నూగు లేస్తుంది.

పళ్ళరోలరు:
అందుకేగా ఒక్క జతతో కాకుండా రెండు మూడు జతల మీద అంచెలంచెలుగా సాగదీసేది. మీ పద్ధతిలో అంచుల సంగతి చెప్పరేం?

కొలతబద్ద:
అసలు తగవు అక్కడే. గుంజినప్పుడు గుడ్డ అంచులే ఎక్కువ ముడుచుకుంటాయి. గుంజేముందు అడ్డంగా 5 సెం.మీ.కు ఒక గీత గీసి, గుంజాక కొలవండి. అంచున 2.5, మధ్యలో 3.4 వచ్చిందనుకోండి: అంచు ముక్క 100 శాతం సాగుతుంది, మధ్య ముక్క 47 శాతమే. ఒకే రోల్లోంచి కోసిన రెండు చెవులు, రెండు రకాల బిగువు.

నూలుపోగు:
అంచులు కోసేస్తే సరి.

కొలతబద్ద:
కోసి పారేసే పీలికకూ డబ్బే కదండీ. రెండు నిప్‌ల (గుడ్డను పట్టి లాగే రోలర్ల జతల) మధ్య ఎడం పెంచి చూడండి, తేడా తగ్గుతుంది. అంత చోటు లేని లైన్‌కైతే నా ఓటు పళ్ళ రోలర్లకే. రెండు పేటెంట్లకూ గడువు తీరింది, కాబట్టి ఇక లెక్క గుడ్డదీ చోటుదీ. తర్వాతొచ్చిన మెరుగులకు మాత్రం పేటెంట్ క్లెయిమ్‌లు (హక్కు దేనిమీదో చెప్పే అంశాలు) విడిగా చూసుకోవాలి.