పార్కిన్సన్స్‌కి తాయ్ చీ: తిరిగేటప్పుడు కాలు అతుక్కుపోతే ఏం చేయిస్తున్నారు?

2012లో అమెరికాలో జరిగిన ట్రయల్ (195 మంది, వారానికి రెండుసార్లు గంటసేపు క్లాసులు, 24 వారాలు) పద్ధతిలోనే ఒక 68 ఏళ్ల పెద్దాయనతో తాయ్ చీ (నెమ్మదిగా కదులుతూ చేసే చైనా వ్యాయామం) చేయిస్తున్నాం. లెవోడోపా (పార్కిన్సన్స్ మందు) వేసుకున్న గంటకి మొదలు. ముందుకీ పక్కకీ అడుగులు బాగానే పడుతున్నాయి. చిక్కల్లా ఎడమకి తిరిగేటప్పుడే: కుడి మడమ లేస్తుంది, వేళ్లు నేలని వదలవు, ఒళ్లు ముందుకు తూలుతుంది. ఎత్తాల్సిన కాలిమీదే బరువు ఉండిపోతోంది.

అడుగుకి గుర్తులుగా నేలమీద అడ్డంగా టేపులు అంటించాం. నేరుగా నడవడానికి పనికొచ్చాయి, తిరగడానికి కాదు. మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని తాళం వేసే పరికరం) పెడితే అడుగు పడుతోంది గానీ, తొందర పెరిగి తాయ్ చీ కాస్తా కవాతైపోతోంది. వెడల్పుగా తిప్పుదామంటే గది చాలదు. (నడుముకి బెల్టు కట్టి పట్టుకునే ఉంటున్నాం.)

నెమ్మది చెడకుండా, అడుగు ఎత్తేముందే బరువు ఎడమ కాలిమీదికి పూర్తిగా వెళ్లేలా చేయడానికి మీకు పనిచేసిన సూచన ఏది?